ఆ పాము కట్లపామా కాదా అన్న గొడవ తర్వాత చూద్దాం

ప్రశ్న: పోయిన వారం రాత్రి బాగా పొద్దుపోయాక మా బాత్రూమ్ మూలలో మూరెడు పొడవున్న పాము కనిపించింది. నల్లగా ఉంది, ఒంటి మీద అడ్డంగా తెల్ల చారలు. మా అత్తయ్య చంపేయమని ఒకటే కేకలు. మా ఆయనేమో "ఇది కట్లపాము కాదు, దానిలాగే ఉండే విషం లేని పాము, వీడియోల్లో చూశాను" అంటూ కర్రతో దాన్ని బకెట్‌లోకి తోసి, బయట పొదల్లో వదిలేసి వచ్చారు. ఏమీ కాలేదు. ఇప్పుడాయనకు ధైర్యం వచ్చి, పాములు పట్టే కర్ర ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడతానంటున్నారు. అత్తయ్య మాత్రం వదిలేసిన పాము పగబట్టి తిరిగొస్తుందని రోజూ అదే మాట. మాకు ఇద్దరు చిన్నపిల్లలు, అందరం కింద పరుపేసుకునే పడుకుంటాం. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. విషమున్న పామును, లేని పామును చూడగానే కనిపెట్టే గుర్తు ఒకటి చెప్పండి చాలు. ఇంటి చుట్టూ ఏ పౌడర్ చల్లితే పాములు రావో కూడా చెప్పండి.

సమాధానం:

ముందు ఒక పని చేయండి, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. ఈ రాత్రి నుంచి పిల్లల్ని ఉత్త నేల మీద పడుకోబెట్టకండి. మంచం ఉంటే మంచం మీద, లేకపోతే ఉన్న పరుపుకే దోమతెర కట్టి, దాని అంచుల్ని చుట్టూ పరుపు కిందకి ఎక్కడా సందు లేకుండా దోపేయండి. మంచం మీద పడుకున్నా దుప్పట్లు నేలకు వేలాడకుండా చూసుకోండి. ఎందుకో చెప్తాను.

ఇక మీరడిగిన గుర్తు. చూడగానే కనిపెట్టే గుర్తు ఒక్కటంటే ఒక్కటి చెప్పమన్నారు, అలాంటిది లేదండీ. ప్రపంచం మొత్తం మీద 4,000కు పైగా పాము జాతులున్నాయి, వాటిలో విషమున్నవి సుమారు 600, అందులోనూ మనిషి ప్రాణానికో అవయవానికో ముప్పు తెచ్చేవి 200 నుంచి 250 దాకా. అంటే ఎక్కడ ఏ పాము కనిపించినా అది మనల్ని ఏమీ చేయలేనిదే అయ్యే అవకాశం ఎక్కువ. మీ ఆయన్ని రేపు ముంచేది కూడా సరిగ్గా ఈ లెక్కే. "విషం లేనిదే అయ్యుంటుంది" అని అన్నవాడి మాట చాలాసార్లు నిజమవుతుంది, నిజమైన ప్రతిసారీ ధైర్యం ఇంకొంచెం పెరుగుతుంది, చెయ్యి ఇంకొంచెం దగ్గరికి వెళ్తుంది. తప్పు కావడానికి ఒక్కసారి చాలు.

జనంలో తిరిగే గుర్తులన్నీ ఆయన కూడా వినే ఉంటారు కాబట్టి వాటి సంగతి తేల్చేద్దాం. తల త్రికోణంగా ఉంటే విషమంటారు. పింజర్లకైతే ఈ మాట సరిపోతుంది. నాగుపాము తల త్రికోణం కాదు, కట్లపాముకైతే మెడ ఎక్కడ అయిపోయి తల ఎక్కడ మొదలైందో కూడా సరిగ్గా తెలియదు. అటు కొండచిలువ తల చూడండి, చక్కటి త్రికోణం, దానికి విషమే లేదు. పైగా విషం లేని పాములు కొన్ని బెదిరినప్పుడు దవడలు వెడల్పు చేసి తలను చదునుగా పెట్టి కావాలనే అలా కనిపిస్తాయి. కంటిపాప నిలువుగా ఉంటే విషమనేది ఇంకోటి. నాగుపాముకీ కట్లపాముకీ రాచనాగుకీ కంటిపాప గుండ్రమే, కొండచిలువకే నిలువు. అయినా పాము కంటిపాప కనబడేంత దగ్గరికి వెళ్ళారంటే దాని కాటు అందేంత దగ్గరికి వెళ్ళినట్టే కదా. రెండు గాట్లు పడితే విషం, వరసగా చిన్న చిన్న గాట్లు పడితే కాదు అని మరొకటి. విషప్పాము కరిచినా ఒక్క కోరే దిగొచ్చు, పక్కకు గీసుకుపోవచ్చు, కట్లపాము కాటైతే అసలు గాటే కనబడకపోవచ్చు. ఇక రంగులంటారా, పసిరిక పాము పచ్చగా మెరుస్తూ ఉంటుంది, నెమ్మదిగా పాకే దాని విషం మనిషికి ప్రాణాపాయం తెచ్చేది కాదు. ఇసుక పింజర మట్టిలో మట్టిలా కలిసిపోయి ఉంటుంది, జానెడున్నర పాము, అదే ప్రాణాలు తీస్తుంది.

ఇప్పుడు మీ బాత్రూమ్ పాము దగ్గరికొద్దాం. మీ ఆయన చెప్పింది ఉత్త గాలిమాట కాదు, అది ఒప్పుకోవాలి. వుల్ఫ్ స్నేక్ అని ఒకటుంది, విషం లేదు, బల్లుల కోసం గోడలెక్కుతుంది, ఇళ్ళలోకి తరచుగా వస్తుంది, దాన్ని చూసి చాలామంది కట్లపామనే అనుకుని చంపేస్తారు. రెండింటికీ తేడాలు పుస్తకాల్లో ఇలా ఉంటాయి: కట్లపాము నీలి నలుపు రంగులో నిగనిగలాడుతుంది, తెల్ల చారలు సన్నగా, చాలావరకు జంటలుగా ఉంటాయి, తల దగ్గర మొదలుకాకుండా కొంత వెనక నుంచి మొదలై తోక వైపు పోయేకొద్దీ స్పష్టమవుతాయి. వుల్ఫ్ స్నేక్‌ది గోధుమ రంగు కలిసిన ఒళ్ళు, చారలు మెడ దగ్గరే మొదలై తోక వైపు పోయేకొద్దీ మసకబారతాయి. ఇంకా పక్కా తేడా కావాలంటే వెన్ను మీద చూడాలి, కట్లపాముకు వెన్నెముక వెంబడి ఒక వరస పొలుసులు మిగతావాటికంటే పెద్దగా ఆరు పలకలుగా ఉంటాయి, వుల్ఫ్ స్నేక్‌కు అలా ఉండవు.

చదవడానికి బాగుంది కదూ. అయితే వుల్ఫ్ స్నేక్‌లలో ముదురు రంగువి కూడా ఉంటాయి. ముసలి కట్లపాముకు చారలు చెరిగి చుక్కల వరసల్లా మిగులుతాయి, అసలు చారలే లేని కట్లపాములూ ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది, కట్లపాము పిల్లకు చారలు పెద్దదానికంటే కొట్టొచ్చినట్టుంటాయి, ఒంటి ముందు భాగంలో కూడా కనిపిస్తాయి. మీరు మూరెడు పొడవు అని రాశారు చూడండి, ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు. మూరెడంటే ఎదిగిన వుల్ఫ్ స్నేక్ కావచ్చు, కట్లపాము పిల్లా కావచ్చు. గుడ్డులోంచి బయటికొచ్చిన రోజు నుంచే దానికి కోరలూ ఉంటాయి, విషమూ ఉంటుంది. పెద్ద పాముకంటే పిల్ల పాము ప్రమాదమని కూడా అంటుంటారు, అది నిజం కాదు, పెద్దదాని దగ్గరే విషం ఎక్కువ. అలాగని పిల్లను తక్కువ అంచనా వేయడానికీ లేదు. బాత్రూమ్ బల్బు వెలుగులో, తడి నేల మీద, అత్తయ్య కేకల మధ్య, మెలికలు తిరుగుతున్న పాము వెన్ను మీద పొలుసులు ఆరు పలకలా కాదా అని మీ ఆయన చూసి ఉంటారని నేననుకోను. ఆయన అన్నది నిజమే అయ్యుండొచ్చు, కానీ చూసి తేల్చుకుని అన్న మాట మాత్రం కాదది.

మీ ఆయనకు ముగ్గురి కథ చెప్పండి. ముగ్గురూ పాముల శాస్త్రంలో పేరున్నవాళ్ళు. జో స్లోవిన్‌స్కీ అని అమెరికా శాస్త్రవేత్త, 2001 సెప్టెంబరులో ఉత్తర మయన్మార్ అడవుల్లో పరిశోధనలో ఉన్నాడు. బృందంలో ఒకతను పట్టిన చారల పామును చూపించి ఇది విషం లేని రకం, కట్లపామును పోలి ఉంటుంది అని సంచీ అందించాడు, ఈయన అందులో చెయ్యి పెట్టాడు, అది కరిచింది, అది నిజంగానే కట్లపాము జాతి. మరుసటి రోజుకు ఊపిరితిత్తులు కదలక చనిపోయాడు, తోటివాళ్ళు గంటల తరబడి నోటితో ఊపిరి పోసినా దక్కలేదు. మీ బాత్రూమ్‌లో వచ్చిన సందేహం, అక్కడ వచ్చిన సందేహం అచ్చంగా ఒక్కటే, గమనించారా? రెండోవాడు కార్ల్ ష్మిట్, షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో పాముల నిపుణుడు. 1957లో ఒక జూ వాళ్ళు ఇదేం పామో చెప్పమని ఆఫ్రికా బూమ్‌స్లాంగ్ పిల్లను పంపితే, చేతిలో పట్టుకుని చూస్తుండగా బొటనవేలికి ఒక్క కోర దిగింది. చిన్న పాము, ఒక్క గాటు, ఏమవుతుందిలే అని ఆసుపత్రికి వెళ్ళకుండా తనకు కలుగుతున్న లక్షణాలను కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాడు. ఒక రోజు తిరిగేసరికి ఒంట్లో రక్తస్రావాలై పోయాడు. మూడోవాడు రాబర్ట్ మెర్టెన్స్, జర్మనీ. 1975లో తాను పెంచుకుంటున్న సన్నటి చెట్టుపాము కరిచి, 18 రోజులు బాధపడి మరణించాడు. ఆ రకం పాములు మనిషిని చంపలేవనే చాలాకాలం అనుకునేవారు.

వీళ్ళు చదువుకున్నదంతా పాముల గురించే. మరి నాలుగు వీడియోలు చూసినవాళ్ళ సంగతేంటి?

ఇలాంటి పొరపాట్లు కట్లపాము దగ్గరే ఆగవు. పాకుతూ పోయే నాగుపాము పడగ విప్పదు, బెదిరిస్తేనే విప్పుతుంది, అప్పటిదాకా వెనక నుంచి చూస్తే జెర్రిపోతుకూ దానికీ తేడా పట్టుకోవడం కష్టం. జెర్రిపోతు పొడవెక్కువ, పరుగెక్కువ, పగలే తిరుగుతుంది, కళ్ళు పెద్దవి, ఎలుకల్ని మట్టుపెడుతుంది, విషం లేదు. దాన్ని చూసి నాగుపామని చంపేవాళ్ళున్నారు, నాగుపామును చూసి జెర్రిపోతేలే అని తోక పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇక రక్తపింజర. లావుగా పొట్టిగా గోధుమ రంగులో, వీపు మీద మూడు వరసల్లో గొలుసుకట్టు మచ్చలతో ముడుచుకుని పడుకుని ఉంటుంది, కదలదు. దాన్ని చూసి కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో ఎత్తుకున్న సంఘటనలు మళ్ళీ మళ్ళీ జరుగుతూనే ఉంటాయి. రెచ్చగొడితే కుక్కర్ విజిల్ వేసినట్టు బుస కొడుతుంది, ఆ బుస విన్నాక కూడా దగ్గరికి పోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

విషం లేనంత మాత్రాన పాము అమాయకమని కూడా అనుకోకండి. జెర్రిపోతు కరిస్తే రక్తమొస్తుంది, గాయం పుండు పడొచ్చు, ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి డాక్టరే చూడాలి. పెద్ద కొండచిలువలు మనుషుల్ని చుట్టి చంపడం చాలా అరుదు గానీ జరగకపోలేదు, ఇండోనేషియాలోని సులవేసి దీవిలో 2017లో ఒక మగమనిషిని, దాని పక్కనున్న మునా దీవిలో 2018లో ఒక మహిళను మింగేశాయి. ఇది మీ ఇంటి సమస్య కాదు కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం. రెండుతలల పామంటూ జనం భయపడే పూడుపాముకు విషమూ లేదు, రెండో తలా లేదు, మొద్దుగా ఉండే దాని తోకే అది.

నేల మీద పడుకోవద్దని ఎందుకన్నానో ఇప్పుడు చెప్తాను. కట్లపాము పగలు మెత్తగా, బద్ధకంగా ముడుచుకుని ఉంటుంది, రాత్రయితే వేరే పాము. ఎలుకల్నీ, బల్లుల్నీ, వేరే పాముల్నీ వెతుక్కుంటూ ఇళ్ళలోకి వస్తుంది. నేల మీద నిద్రపోయేవాళ్ళు అటో ఇటో ఒత్తిగిల్లినప్పుడు కిందపడ్డ పాము కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, చీమో దోమో కుట్టిందనుకుని మళ్ళీ నిద్రపోతారు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు, ఏదో పడలేదనుకుంటారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, ఎంత ప్రయత్నించినా పైకి లేవవు, చూపు రెండుగా కనిపిస్తుంది, ఉమ్మి మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది. ఆ తర్వాత ఊపిరి. రాత్రి నేల మీద పడుకున్న మనిషి పొద్దున్నే కారణం లేని కడుపునొప్పితో, రెప్పలు వాలుతూ లేచాడంటే పాము కనబడకపోయినా, గాటు కనబడకపోయినా కట్లపాము కాటేమోనని అనుమానించి పరుగెత్తాల్సిందే. ఈ ఒక్క ముక్క మీ ఇంట్లో అందరికీ తెలియాలి, అత్తయ్యతో సహా.

అసలు గుర్తు పట్టాలనే తపన ఎందుకు? పాము ఏదో తెలిస్తేనే మందు వేస్తారని చాలామంది అనుకుంటారు. ఆస్ట్రేలియా లాంటి చోట్ల వేర్వేరు పాములకు వేర్వేరు విరుగుళ్ళున్నాయి, అక్కడ కూడా లక్షణాలూ పరీక్షలూ చూసి తేల్చుకుంటారు, పామును పట్టి తెమ్మని ఎవరూ అడగరు. మన దేశంలో వాడేది నాలుగింటికీ కలిపి పనిచేసే ఒకటే యాంటీవెనమ్: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర. చెన్నై దగ్గర 1978లో మొదలైన ఇరుల గిరిజనుల సహకార సంఘం పాముల నుంచి విషం తీసి ఇస్తుంది, దాన్ని కొద్దికొద్ది మోతాదుల్లో గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలతో ఈ మందు తయారుచేస్తారు. కాబట్టి డాక్టర్ చూసేది రోగి వంక. రెప్పలు వాలుతున్నాయా, చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా, వాపు పైకి పాకుతోందా అని చూస్తారు. కాస్త రక్తం తీసి శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు, ఆ తర్వాత వంచి చూస్తారు, గడ్డ కట్టకుండా నీళ్ళలా జారిందంటే పింజర విషం పనిచేస్తోందని అర్థం. ఇంత చిన్న పరీక్ష ముందు మీ ఆయన ఫోన్లోని ఫొటో ఏపాటి? దూరం నుంచి ఫొటో తీయగలిగితే మంచిదే, దానికోసం పాము వెనక పడొద్దు. చంపి తీసుకెళ్ళడం అంతకన్నా వద్దు, తెగిపోయిన పాము తల కూడా కొంతసేపు కరవగలదు, అలా కాటు పడ్డవాళ్ళున్నారు.

ఎవరినైనా పాము కరిస్తే, అది విషమున్నదైనా లేనిదైనా, మీరు చేయాల్సింది ఒకటే. పాము నుంచి దూరంగా జరపండి, నడిపించకండి, పరుగెత్తనివ్వకండి. కరిచిన కాలినో చేతినో ఎముక విరిగితే కట్టినట్టు ఏదో చెక్కో అట్టో ఆధారంగా పెట్టి కదలకుండా ఉంచండి, బిగించి మాత్రం కట్టకండి. ఉంగరాలు, గాజులు, పట్టీలు, వాచీ వెంటనే తీసేయండి, వాపు వచ్చాక అవి రావు. టైమ్ చూసి గుర్తుపెట్టుకోండి. అంబులెన్స్ ఆలస్యమైతే ఉన్న బండి మీదే, నడిపేవాడికీ వెనక పట్టుకునేవాడికీ మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళండి. వాంతులవుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. దారిలోనే ఫోన్ చేసి ఆ ఆసుపత్రిలో యాంటీవెనమ్, వెంటిలేటర్ ఉన్నాయో లేదో కనుక్కుంటే చాలా టైమ్ కలిసొస్తుంది. ఇంకా మంచిది ఏమిటంటే ఈ ఫోన్ ఈ వారమే, ఎవరినీ ఏమీ కరవకముందే చేసి, ఏ ఆసుపత్రికి పోవాలో ఇంట్లో గోడ మీద రాసిపెట్టుకోవడం.

పైన తాడు బిగించి కట్టడం అందరికీ చేతికొచ్చే మొదటి పని, అది వద్దు. రక్తం ఆడక కాలు చచ్చుబడుతుంది, విప్పిన క్షణంలో ఆగిన విషమంతా ఒక్కసారి పైకి పోతుంది. ఎవరైనా ఇప్పటికే కట్టేసి ఉంటే దారిలో విప్పకుండా డాక్టర్ ముందే విప్పించండి. కోయడం, పీల్చడం, ఐస్ పెట్టడం, పసరు పూయడం, మద్యం తాగించడం, నొప్పి మాత్ర ఇవ్వడం, ఏదీ వద్దు. ఆసుపత్రిలో లక్షణాలేమీ లేవన్నా సరే 24 గంటలు పరిశీలనలో ఉండమంటారు, ఇంటికి పోదామని తొందర పెట్టకండి. పిల్లలకు తక్కువ మందు చాలు కదా అని కూడా కొందరు డాక్టర్లతో వాదిస్తారు. పాము పిల్లవాడని తక్కువ విషం వదలదు, అందుకే పిల్లలకూ పెద్దల మోతాదే ఇస్తారు, అది డాక్టర్ పొరపాటు కాదు.

పసరుతోనో మంత్రంతోనో బతికినవాళ్ళు మాకు తెలుసు అని అత్తయ్య అనొచ్చు. అబద్ధమేమీ కాదు, బతికే ఉంటారు. కరిచిన వాటిలో ఎక్కువ విషం లేనివి, విషప్పాము కూడా కొన్నిసార్లు కాటేసి విషం వదలకుండా పోతుంది. వాళ్ళు ఏమీ చేయకపోయినా బతికేవాళ్ళే. నిజంగా విషం ఎక్కినవాళ్ళ విషయంలో అదే పసరు రెండు మూడు గంటలు తినేస్తుంది, కట్లపాముకు ఆ గంటలే కావాలి. దాని విషం నరాల చివర్లను ఒకసారి దెబ్బతీశాక యాంటీవెనమ్ వాటిని బాగుచేయలేదు, అవి మళ్ళీ కోలుకునేదాకా రోజుల తరబడి వెంటిలేటరే ఊపిరి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఏడాదికి సగటున 58,000 మంది. ఇందులో ఎక్కువమంది పల్లెల్లోవాళ్ళే, ఆసుపత్రి దాకా చేరకుండానే పోయినవాళ్ళు చాలామంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలోకి చేర్చింది, అంతకాలం పట్టిందంటే ఈ చావులు ఎవరి లెక్కలోనూ లేవన్నమాటే.

అత్తయ్యగారి పగ సంగతి. పాము మనుషుల ముఖాలు గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ వచ్చేంత కథ దాని మెదడులో లేదు. అయినా అదే చోట మళ్ళీ పాము కనిపించొచ్చు, అది వేరే పామే కావచ్చు, దానికి కారణం మీ ఇంట్లో దానికి కావలసింది ఏదో ఉండటమే: ఎలుకలు, బల్లులు, కప్పలు, చల్లటి తడి మూల, దాక్కోవడానికి సందు. ఈ ఒక్క విషయంలో అత్తయ్య భయం పనికొచ్చేదే, తిరిగొస్తుందన్న మాట వరకు ఆవిడ చెప్పింది వినండి. చంపడం మాత్రం వద్దు. పాముకాట్లలో చాలావరకు చూడకుండా తొక్కినప్పుడో, చెయ్యి పెట్టినప్పుడో, లేకపోతే చంపబోయినప్పుడో, పట్టబోయినప్పుడో పడేవే. చట్టం కూడా ఒప్పుకోదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పాములకూ వర్తిస్తుంది.

పౌడర్లు ఏవీ వద్దు. గంధకం, ఫినాయిల్, వెల్లుల్లి, బజారులో అమ్మే పాము మందులు, వేటికీ నమ్మదగ్గ రుజువు లేదు. ఫినాయిల్ పాములకన్నా ముందు మీ చిన్నపిల్లలకు ప్రమాదం. ఆ డబ్బుతో బాత్రూమ్ నీళ్ళు పోయే రంధ్రానికి సన్నటి ఇనుప జాలీ బిగించండి, మీ పాము చాలావరకు అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. తలుపు కింద వేలు పట్టేంత సందు ఉంటే మూరెడు పాముకు అది చాలు, రబ్బరు పట్టీ వేయించండి. గోడకు ఆనించిన ఇటుకలు, కట్టెలు, పాత సామాను తీయించండి, తీసేవాళ్ళు చేతులతో కాకుండా ముందు కర్రతో కదిపి తీయాలి. ఎలుకల సంగతి చూడండి. రాత్రి బాత్రూమ్‌కు లేస్తే లైటు వేశాకే కాలు కింద పెట్టడం, చెప్పులూ బూట్లూ దులిపి వేసుకోవడం పిల్లలకు అలవాటు చేయండి. పాము కనిపిస్తే ముట్టుకోకుండా, అరవకుండా వెనక్కి వచ్చి పెద్దవాళ్ళకు చెప్పాలని కూడా నేర్పండి. వాళ్ళు ఇప్పటికే నాన్న బకెట్‌లో పాము మోసుకెళ్ళడం చూసి ఉంటే రేపు ఆటలో వాళ్ళూ అదే చేస్తారు.

ఆ కర్ర ఆర్డర్ ఇంకా పెట్టకపోతే పెట్టనివ్వకండి, పెట్టేసి ఉంటే క్యాన్సిల్ చేయించండి. ఆ కర్ర వాడటం నేర్చుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఇంకొకరి పక్కన ఉండి నేర్చుకున్నారు, వాళ్ళలో కూడా కాటు తిన్నవాళ్ళున్నారు. మళ్ళీ పాము కనిపిస్తే పిల్లల్నీ అత్తయ్యనూ ఆ గదిలోంచి బయటికి పంపి, తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ కుక్కి, అటవీ శాఖకో శిక్షణ ఉన్న పాములు పట్టేవాళ్ళకో ఫోన్ చేయాలి. మీ ఆయనకు ఏదో ఒక పని అప్పగించకపోతే ఊరుకునేలా లేరు కాబట్టి, వాళ్ళు వచ్చేదాకా ఆ మూసిన తలుపుకు బయటే, దూరంగా నిలబడి పాము ఎటైనా బయటికొస్తుందేమో చూస్తుండమనండి. ఆ నంబర్లు ఇవాళే కనుక్కుని ఫోన్లో పెట్టుకోవడం కూడా ఆయన పనే.